వెర్నా చూడని బొత్తాం

మా స్టూడియోలో వెర్నా లిండ్‌క్విస్ట్ మాటకి తిరుగులేదు. పదకొండేళ్లుగా ఆవిడ పని ఒకటే. కెమెరా పక్కన కూర్చుని, హీరో సిగరెట్ ఎంత కాలింది, గ్లాసులో ఎంత మిగిలింది, అన్నీ పుస్తకంలో రాసుకోవడం. తర్వాతి షాటు కలవాలి కదా. ముద్దు సీనైతే మెడలో వేలాడే స్టాప్‌వాచ్ నొక్కేది. మూడు సెకన్లు దాటితే సెన్సారు వాళ్లు కత్తెర తీస్తారు. ముద్దుకి కూడా కొలత పెట్టిన రోజులవి, ఏం చెప్పుకుంటాం.

అందరి ముద్దులూ కొలిచిన వెర్నాకి ముప్పై ఎనిమిదేళ్లొచ్చినా తనకంటూ ఒకటి లేదు. సెట్టు సామాన్లు చూసే ఓటిస్ హేవర్టీ అంటే మనసు. నాలుగేళ్లుగా అతను పొద్దున్నే ఆవిడ కుర్చీ వేసి, పక్కన కాఫీ పెట్టి పోతాడు. ఇద్దరూ నోరు విప్పరు. ఇప్పుడేమో సోమవారం నుంచి అతను న్యూయార్కులో నాటకాల కంపెనీకి పోతున్నాడు. ఆ శనివారమే ఆఖరి షూటింగు.

"ఇవాళైనా చెప్తావా, మూగనోము పట్టి సాగనంపుతావా?" అంది బట్టలు చూసే హ్యాటీ.

"నాకు పనుంది హ్యాటీ," అంది వెర్నా.

రైల్వే స్టేషన్ సెట్టు. హీరో వెళ్లిపోతున్నాడు. ముద్దు పెట్టిస్తే గొడవని, హీరోయిన్ కోటుకి మెడ దగ్గరి బొత్తాం హీరో చేత పెట్టించాడు దర్శకుడు కెస్లర్.

"ముద్దునైతే కత్తిరిస్తారు. బొత్తాన్ని ఏం చేస్తారో చూద్దాం," అన్నాడు.

నిజంగానే ప్రేమంతా ఆ బొత్తాంలోకి వచ్చేసింది. హీరో వేళ్లు కాలర్ దగ్గర ఆగితే సెట్టు మీద ఎవరికీ ఊపిరాడలేదు. వెర్నా కళ్లు మాత్రం పెట్టెల వెనక నిలబడ్డ ఓటిస్ మీదికి పోయాయి. ఎల్లుండి నుంచి ఈ మనిషి కనబడడనుకుంటే దుఃఖం ముంచుకొచ్చింది.

"కట్. ఇక దగ్గర్నించి తీద్దాం. వెర్నా, ఏ చేత్తో పెట్టాడు బొత్తాం?"

పుస్తకంలో ఆ పేజీ ఖాళీ. హీరోని అడిగితే అతను భుజాలెగరేశాడు.

"తెలీదండీ," అంది వెర్నా.

"తెలీదా? మరి ఎటు చూస్తున్నావమ్మా?"

కుడిచేయి అనేస్తే గండం గడిచిపోయేది. కానీ చూడనిది చూశానని ఆవిడ ఏనాడూ చెప్పలేదు. లేచి నిలబడింది.

"ఓటిస్‌ని చూస్తున్నానండీ. సోమవారం నుంచి కనబడడు కదా."

పైన లైట్ల దగ్గరున్న వాళ్లు కూడా వంగి చూశారు. కెస్లర్ తల గోక్కుని అటు తిరిగాడు.

"ఓటిస్, నువ్వైనా చెప్పవయ్యా. వాళ్లకి ఎదురుగానే ఉన్నావుగా. ఏ చెయ్యి?"

ఓటిస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నాకూ తెలీదండీ," అన్నాడు. "నేను ఆవిడనే చూస్తున్నాను."