పోట్లాటకు దాచిన భాష

దుబాయ్‌లో నేను డ్రైవర్‌గా ఉన్న చైనా వాళ్ళింట్లో భాషలకు డ్యూటీలు వేసి ఉండేవి. ఆరేళ్ళ పాపతో అమ్మానాన్నలు మాట్లాడేది చైనా బళ్ళలో చెప్పే భాష. స్కూలుకు ఇంగ్లీషు. నాతోనూ, వంటింట్లో పనిచేసే గోదావరి అక్కతోనూ హిందీ. వాళ్ళ సొంత ఊరి భాష ఇంకొకటుంది. చదువుకు పనికిరాదని మేడం దాన్ని పాపకు నేర్పనివ్వలేదు. అందుకని మొగుడూ పెళ్ళాలు దాన్ని పోట్లాడుకోవడానికి మాత్రమే వాడేవాళ్ళు. పోట్లాటలకు కొదవ లేదు కాబట్టి భాష బాగానే బతికింది.

కరోనా పోయి దారులు తెరిచాక సార్ వాళ్ళమ్మ విజిట్ వీసా మీద వచ్చింది. ఆమెకు ఊరి భాష తప్ప ఇంకోటి రాదు. సార్, మేడం పొద్దంతా తమ లైట్ల షాపులోనే. ఆమె కమలాపండు ఒలిచి, తొనలకున్న పీచు తీసి, మనవరాలికి అందిస్తూ మెత్తగా ఏదో చెప్పేది. పాప బిగుసుకుపోయి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చేది.

“దాదీ గుస్సే మే హై,” అని అక్క వెనక నక్కేది. పాప విన్నంతవరకూ ఆ భాషలో కోపం తప్ప ఇంకేమీ లేదు మరి.

“ముద్దు చేత్తుంటే కోపమంటాదేంటి తమ్ముడూ? నువ్వన్నా చెప్పు దానికి.”

“నాకేం ఎరుక అక్కా? మా అవ్వ తిట్టకుంటే జరమొచ్చిందేమో అనుకునేటోళ్ళం.”

“నీ ఎగతాళి తగలెయ్య! ఒక్క మాట పలుకుద్దేమోనని ముసలావిడ రోజూ కాసుక్కూచుంటంది.”

వీసా అయిపోయింది. ఆ ఒక్క మాటా రాలేదు.

ఎయిర్‌పోర్టులో నేను సూట్‌కేసు దింపుతుంటే, నాన్నమ్మ పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలుతున్నట్టు ఏదో అంది. పాప బాగా ఆలోచించింది. ఆ భాషలో తనకొచ్చిన ఒకే ఒక్క మాట తీసి ఇచ్చింది.

ఆ మాట నాకూ తెలుసు. మేడం అది అరిచిన ప్రతిసారీ సార్ తలుపు ధడాలున వేసి బయటికొచ్చేవాడు, నేను కారు తీసేవాణ్ణి. పొమ్మనడం.

సార్ నేల చూశాడు. నాన్నమ్మ మాత్రం పాప బుగ్గలు పట్టుకుని, మళ్ళీ అనమన్నట్టు చెవి ఒగ్గింది. పాప మళ్ళీ అంది, ఈసారి మెల్లగా. నాన్నమ్మ కళ్ళు తుడుచుకుని, చెప్పినట్టే వెళ్ళిపోయింది.

తిరిగొస్తుంటే, నాన్నమ్మ భాషలో ఇంకో మాట నేర్పమని పాప వెనక సీట్లో పక్కనున్న మేడంను ఇంగ్లీషులో అడిగింది. మేడం నోరు తెరిచి, మూసి, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పోట్లాటది కాని మాట వెతుక్కుంటోందనుకుని నేను మెల్లగానే నడిపాను.

ఇల్లు వచ్చేసింది.