తమ్ముని సైకిలుకు కొత్త ఫ్రేమ్

2019 ఆగస్టు 11, ఆదివారం సాయంత్రం. మహబూబ్‌నగర్, మా తమ్ముని ఇల్లు. ఉన్నవాళ్లం: నేను, మా మరదలు, తమ్ముని బిడ్డ, తమ్మునితో కలిసి గుట్టలు తిరిగిన సైకిళ్ల దుకాణం స్నేహితుడు.

సర్వేయరుగా పనిచేసినన్నాళ్లు ఏ పొలానికి పోయినా ముందు తారీఖు, తర్వాత హాజరైనవాళ్లు రాయడం అలవాటు. రిటైరయ్యాక డైరీలోనూ అదే పద్ధతి. ఆ రోజు నలుగురిని రాశాక కూడా కలం కాసేపు కాగితం మీదే ఆగింది. తెల్లవారితే తమ్ముని సంవత్సరీకం.

తమ్ముడు కోస్గి దగ్గర బళ్లో సైన్సు పంతులు. నలభై దాటాక సైకిలు పిచ్చి పట్టింది. ముందూ వెనకా షాకప్స్ ఉన్న గుట్టల సైకిలు, ఎవరో వాడి అమ్మినది, ఈ స్నేహితుడే హైదరాబాద్ నుంచి తెచ్చి ఇచ్చాడు. ఆదివారం వస్తే సీతాఫలం పొదల నడుమ, బండరాళ్ల మీద బాటలు వెతుక్కుంటూ పోయేవాడు. తొక్కడం ఆపి వదిలేస్తే దాని వెనక చక్రం ఫ్రీవీల్ టిక్ టిక్ టిక్‌మని గట్టిగా మోగేది, ఎండిన కందికట్టెను దులిపినట్టు. వీధి మలుపులో ఆ చప్పుడు కాగానే మరదలు పోయి గేటు తీసేది. నిరుడు ముసురులో ఒక సాయంత్రం అట్లాగే వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి మంచినీళ్లు అడిగాడు. ఆమె చెంబు తెచ్చేసరికి అరుగు మీద ఒరిగిపోయి ఉన్నాడు. దవాఖాన దాకా ప్రాణం నిలవలేదు.

మూడో నాడు పిట్టకు పెట్టాము. అన్నం, కోడికూర, తమ్మునికి ఇష్టమైన సర్వపిండి. కాకులు తీగ మీద వరసగా కూర్చున్నాయి గాని ఒక్కటీ గోడ మీది విస్తరి దగ్గరికి దిగలేదు. పోయినవాని మనసులో ఏదో మిగిలింది, మాటియ్యండి అన్నారు పెద్దలు. బిడ్డ చదువు నేను చూస్తానన్నాను. ఇల్లు అమ్మనియ్యనని మరదలి అన్న అన్నాడు. కాకులు కదలలేదు. అప్పుడు బిడ్డ వెక్కుతూనే, "బాపూ, నీ సైకిల్ నేను తొక్కుత. మూలకు పడనియ్య," అంది. ఒక కాకి దిగింది.

ఆ పిల్ల మాట తప్పలేదు. తండ్రి పొడుగు మనిషి, ఈమెది తల్లి పోలిక. సీటు అడుగంటా దించినా కాళ్లు అంతంతే అందుతాయి, చేతులు బారచాపి తొక్కాలి. అయినా ఏడాదంతా తొక్కింది. ఆషాఢంలో ఫ్రేమ్ వెనక అతుకు దగ్గర వెంట్రుకంత పగులు కనబడింది. స్నేహితుడు గోటితో గీరి చూసి, "ఇగ దీని మీద గుట్ట దిగకు బిడ్డా. దిగుడుల ఇరిగిందనుకో, నిన్ను ఏరుకోవాలె," అన్నాడు. మళ్లీ అతికించినా నిలవదట.

ఆ సాయంత్రం ఆయన రెండు ఫ్రేములు తెచ్చి చాప మీద పక్కపక్కన పెట్టాడు. పాత సైకిలు అప్పటికే విప్పి ఉంది. హ్యాండిలు, పెడళ్లు, చైను, వెనక చక్రం ఒక గుడ్డ మీద. పగిలిన ఫ్రేమ్ మాత్రం తమ్ముడు చివరిసారి ఆనించిన చోటే గోడకు ఉంది. ఎవరు పెట్టారో నేను అడగలేదు.

"గీ నల్లది నీ కొలతకు అచ్చంగ సరిపోతది," అన్నాడు ఆయన. "షాకప్ గూడ మంచిగుంటది, రాయి తగిలితె నీకు తెల్వనే తెల్వదు. కని దీని ఎనక పాయ, చక్రం కూసునే సందు, ఎడల్పు. బాపు చక్రం దీంట్ల నిలువదు, కొత్తది ఎయ్యాలె. గీ పచ్చది పాత మాడల్. చక్రం ముద్దుగ కూసుంటది. అయితే సైజు బాపుది."

"అంటె మళ్ల బాపు చెప్పులేసుకొని ఉరుకుడే."

"చెప్పులైతె అవి జారుతయి. గీడ నువ్వు జారుతవు."

నేను టేపు తీసి చక్రం ఇరుసు, రెండు ఫ్రేముల వెనక సందు కొలిచాను. ఆయన చెప్పింది నిజమే.

"పొలం హద్దులు కుదిరినయా పెద్దబాపూ?" అని నవ్వింది పిల్ల. ఆమె చేయి నల్ల ఫ్రేమ్ మీదే ఉంది. కాసేపటికి ఆ చేయి తీసి, "పచ్చదే ఉంచు కాకా," అంది.

"ఎందుకమ్మా?" అన్నాను.

"మాటిచ్చిన గద. ఫ్రేమ్ పాయె. బ్రేకులు, పెడళ్లు కాకనే మార్చిండు. ఇగ చక్రం గూడ పోతె బాపు సైకిల్ ఏడుంటది?"

నేనూ పచ్చదానికే మొగ్గాను. రేపు మళ్లీ అదే గోడ మీద విస్తరి పెట్టాలి. మాట తప్పి అక్కడ ఎట్లా నిలబడతాం? ఆ సంగతే పైకి అన్నాను. స్నేహితుడు పానా చేతిలో తిప్పుతూ తల వంచుకున్నాడు.

మరదలు వంటింటి గడప దగ్గర ఉంది. నా ముందు కూర్చోదు, నాతో నేరుగా ఎక్కువ మాట్లాడదు. ఆ రోజు మాట్లాడింది.

"నల్లదే తీస్కోమను బావా."

"మరి ఇచ్చిన మాట?"

"పిట్ట ఎవలి మాటకు దిగిందో ఎవలకెర్క? ఆ గడియల నేను గూడ మనసుల ఒకటనుకున్న."

"ఏమనుకున్నవమ్మా?"

"నీ చప్పుడు ఇనవడితె గేటు నేనే తీస్త, ఇంకెవ్వలను తియ్యనియ్య అని."

ఏడాదిగా నేను చూస్తున్నదే. మలుపులో టిక్ టిక్ మోగగానే ఆమె పిండి చేతులతో లేచేది, జ్వరంలోనూ లేచేది. బిడ్డ కోసమని అందరం అనుకున్నాం. బిడ్డా అనుకుంది.

"నాకోసం కాదా అమ్మా?" అంది పిల్ల, మెల్లగా.

"నీకోసమే బిడ్డా. తీసినంక నువ్వే కనవడ్తవు. చప్పుడుకు, గేటుకు నడుమ మాత్రం జరసేపు..." అని ఆగింది. కొంగుతో చేతులు తుడుచుకుంది, అవి తడిగా లేకపోయినా. "ఆ జరసేపు కోసం నువ్వు కాళ్లందని దాని మీద గుట్ట దిగుతాంటె నేను ఓర్వ. నల్లదే తీస్కో. గా చక్రం నాకియ్యుండ్రి."

స్నేహితుడు పచ్చ ఫ్రేమ్‌ను మళ్లీ గోనెసంచిలో చుట్టాడు.

మర్నాడు పొద్దున ముసురు. గోడ మీద విస్తరి పెట్టి, అదే సర్వపిండి ఉంచి, నలుగురం వెనక్కి జరిగాం. కాకులు తీగ మీద తడుస్తూ కూర్చున్నాయి. పిల్ల, "బాపూ, నేను..." అని మొదలుపెట్టి తల్లి వైపు తిరిగింది. నేను చేతులు జోడించి మనసులో అనగలిగింది అన్నాను. ఏదీ దిగలేదు.

మరదలు లోపలికి పోయి చక్రం తెచ్చింది. అరుగు మీద, తమ్ముడు ఒరిగిన చోట కూర్చుని, దాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని పళ్ల చక్రాన్ని వేళ్లతో వెనక్కి తిప్పింది. ముందు ఒకటీ అరా. తర్వాత మలుపు తిరిగి వస్తున్నట్టే, టిక్ టిక్ టిక్. చక్రం గోడకు ఆనించింది. నూనె చేతులతోనే పోయి గేటు తీసింది.

నలుగురం గేటు వైపే చూస్తున్నాం. వాన, ఖాళీ వీధి.

మళ్లీ ఇటు తిరిగేసరికి సర్వపిండి ఒక పక్క విరిగి ఉంది. గోడ చివర ఒక కాకి ముక్కు రాసుకుంటోంది. అది దిగడం మాలో ఎవరూ చూడలేదు. పిల్ల పోయి తల్లి పక్కన నిలబడింది. మరదలు గేటు మూయబోయి, చేయి వెనక్కి తీసుకుంది.