పెద్దదానికి దోవ

నా జట్టులో ఆరు ప్రాణులుండేవి. వాటిలో ఐదు ఆరోదాని కోసం చావడానికే ఉండేవి. ఈ సంగతి మొదటే చెప్పేస్తే మంచిది. లేకపోతే నన్ను మంచివాడనుకుని కొంతదూరం వచ్చాక తిట్టుకుంటారు.

ఆట తెలియని వాళ్ళకు రెండు మాటలు. ఇది ఫోన్లో ఆడే ఆట. ఇటు ఆరు వింత జంతువులు, అటు ఆరు. ఒక్కొక్కటే బరిలోకి దిగి పోట్లాడుతుంది. నిప్పు, నీళ్ళు, మెరుపు, మట్టి, గాలి అని వాటికి జాతులున్నాయి. ఏ జాతి దెబ్బ ఏ జాతికి తగులుతుందో, దేనికి అసలు తగలదో బట్టీ పట్టాలి. పిల్లకాయల ఆట అని నవ్వేవాళ్ళు నవ్వనీ, పోటీలకు వచ్చేవాళ్ళలో సగం మందికి నెత్తిన వెంట్రుకలు పలచబడ్డాయి. నా పెద్దది మట్టి జాతి. దంతాలున్న ఎద్దులా ఉంటుంది. అది నేలను కాలితో గుద్దితే ఎదురున్నది పడాల్సిందే. కాకపోతే దాని ఒళ్ళు మెత్తన, గట్టిగా రెండు దెబ్బలు తగిలితే పోతుంది. అందుకని ముందు ఒక వంతు ఊరికే నిలబడి బలం కూడగట్టుకోవాలి. ఆ ఒక్క వంతు దొరికిందంటే ఇక దాన్ని ఆపేవాడు లేడు.

మరి దెబ్బ తగలకుండా దాన్ని బరిలోకి తెచ్చేదెట్లా? చిన్నదాన్ని ఒకదాన్ని ముందు పంపి చావనివ్వాలి. అది చచ్చిన చోట్లోకి వచ్చేదానికి ఆ వంతులో దెబ్బ ఉండదు. ఆట కట్టుబాటు అది. దీన్ని మావాళ్ళు బలి అంటారు. ఎవర్ని బలిచ్చినావప్పా అని అడుగుతారు, ఈ పూట కూరేంది అని అడిగినట్టు. నేను దాదాపు ప్రతిసారీ మెరుపు జాతి చిన్నదాన్ని ఇచ్చేవాణ్ణి. చూడటానికి బక్కది, పోయినా బాధ లేదనిపించేది.

కర్ణాటకలో బళ్ళారి దగ్గర సిరుగుప్పలో మా ఇంటి వసారాలో అక్క కుట్టు మిషన్ ఉండేది. వెనక మంచం మీద నేను. మధ్యాహ్నం పూట ఆమె జాకెట్లు కుడుతూ, దారం తెంపేటప్పుడల్లా తల తిప్పి నా ఫోన్లోకి చూసేది. ఒకరోజు ఆ బక్కది చావడం చూసింది.

"దాన్నెందుకప్పా ఊరికే చంపిస్తాండావు?" అంది.

"పెద్దది రావల్ల కదక్కా. దోవ ఇయ్యల్ల."

"ఓహో" అని మళ్ళీ మిషన్ తొక్కింది. ఆ ఓహోలో ఏమైనా ఉందేమోనని ఇప్పుడు వెతుక్కుంటున్నాను గానీ, ఆ రోజు నాకేమీ వినిపించలేదు. డిగ్రీ అయ్యాక సర్కారు ఉద్యోగాల కోసం తిరిగిన ఆ నాలుగేళ్ళూ నాకు ఏదీ సరిగ్గా వినిపించలేదు. పరీక్ష రాయడం, లిస్టులో నంబరు వెతకడం, లేదని తెలుసుకోవడం, అన్నం తినడం. మొదటి రెండుసార్లు బాధపడ్డాను. తర్వాత బాధపడటం కూడా మానేశాను, దానికీ ఓపిక కావాలి కదా.

మా ఇంట్లో పెద్దది నేనే. వయసులో కాదు, వయసులో అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. నాన్న బియ్యం మిల్లులో మిషన్ మీద పని చేసేవాడు. ఇద్దరిలో ఒకర్నే ఇంగ్లీషు బడికి పంపగలిగాడు. ఆ ఒకరు ఎవరన్నది మా ఇంట్లో చర్చకు కూడా రాలేదు. అక్కది కన్నడ సర్కారు బడి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, నా పలకలో ఇంగ్లీషు. అక్క పీయూసీ, అంటే ఇంటరు, పాసయిన ఏడాదే అమ్మకు నడుము పడిపోయింది. ఇంటి పనికి ఒక మనిషి కావాల్సి వచ్చి, అక్క చదువు అక్కడితో ఆగింది. ఆ తర్వాత బండ్రి అనే ఊళ్ళో ఇచ్చి పెళ్ళి చేశారు. రెండేళ్ళకు ఒక సంచితో తిరిగి వచ్చింది. ఎందుకని ఎవరూ గట్టిగా అడగలేదు, ఆమె చెప్పలేదు. వచ్చిన వారానికే మిషన్ కొనుక్కుంది. ఆ మిషన్ చప్పుడు మీదే నేను బళ్ళారిలో డిగ్రీ చదివాను, కోచింగ్ పోయాను, బస్సు పాసు తీసుకున్నాను. అందరూ నన్ను చూసి వీడు ఆఫీసరవుతాడు అనేవాళ్ళు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆ నాలుగో ఏట గ్రామలెక్కిగ ఉద్యోగాలు పడ్డాయి. ఊరి భూముల లెక్కలు చూసే సర్కారు పని, మా దిక్కు దానికి కన్నడ పేరే వాడుక. దానికి పీయూసీ చాలు. పేపర్లో ఆ ప్రకటన ముందు చూసింది నేను కాదు, అక్క. ఎవరో కొలత జాకెట్ చుట్టిచ్చిన కన్నడ పేపరు ముక్కలో చూసిందట. మడత విప్పి, ఇస్త్రీ చేసినంత సాపు చేసి, నా ముందు పెట్టింది. ఇంకో నాలుగు నెలలు పోతే తనకు వయసు హద్దు దాటిపోతుందని కూడా లెక్క వేసుకుని వచ్చింది. అంతవరకు ఆమెకు ఉద్యోగం మీద ఆశ ఉందని నాకు తెలియదు. కుట్టేవాళ్ళు కుడతారు, అంతే అనుకునేవాణ్ణి.

"నాదీ ఒకటి వేసియ్యప్పా. ఇదే కడపటిది నాకు" అంది.

వేస్తానన్నాను. పదిహేను రోజుల గడువుంది. అప్లికేషన్ అంటే నాకు నీళ్ళు తాగినంత పని. రేపు, రేపు అని జరిపాను. సోమవారం కడపటి రోజు, ఆదివారం బళ్ళారిలో ఆట పోటీ. ఒక సెల్‌ఫోన్ల అంగడి మేడ మీద ప్లాస్టిక్ కుర్చీలు వేసి పెట్టారు. శనివారం సాయంత్రం అక్క తన మార్కుల కార్డు, ఫోటోలు కవర్లో పెట్టి నా దిండు పక్కన ఉంచింది. దాన్ని జరిపి పడుకున్నాను. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

పోటీలో మూడు ఆటలు గెలిచాను. నాలుగోది ఒక బ్యాంకు ఉద్యోగితో పడింది. ఎప్పటిలాగే మెరుపుదాన్ని బలిచ్చాను, పెద్దది దిగింది, ఒక వంతు నిలబడి బలం పట్టింది. వెనక నిలబడిన వాళ్ళు అయిపోయిందిరా అన్నారు. అప్పుడు ఆ మనిషి తాపీగా ఒక పక్షిని దింపాడు. మట్టి దెబ్బ గాల్లో ఉన్నదానికి తగలదు. ఎంత బలమున్నా తగలదు, రెండింతలైనా తగలదు. నా పెద్దది నేలను గుద్దింది, పక్షి పైన అట్లే ఉంది. మళ్ళీ గుద్దింది. పక్షిని కూల్చగలిగింది నా జట్టులో ఒక్కటే, మెరుపుది. దాన్ని నేనే చంపించి పది నిమిషాలయింది. బ్యాంకాయన నా భుజం తట్టి, చిన్నదాన్ని ఎత్తిపెట్టుకోవల్ల కదప్పా అన్నాడు. అవునన్నాను. ఓడిపోయినందుకు కోపం రావాలి, రాలేదు. కింద టీ తాగి బస్సెక్కాను.

సోమవారం మధ్యాహ్నం దాటాక అక్కా నేనూ సైబరుకు పోయాము. ఊళ్ళో ఉన్నవాళ్ళంతా అక్కడే ఉన్నారు, అందరిదీ నా బుద్ధే. మా వంతు వచ్చేసరికి నాలుగున్నర. ఐదున్నరకు గడువు ముగుస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చుని అక్క కవరు విప్పాను. అప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నీదింకా వెయ్యలేదంటివే? నీది ఫస్ట్ వెయ్యి."

కాదనాల్సింది. నీదే ముందు అనాల్సింది. నాకు ఇంకా వయసుంది, వచ్చే ఏడు ఇంకోటి పడుతుంది, తర్వాతి ఏడు ఇంకోటి. ఆమెకు ఇదొక్కటే. ఇంత చిన్న లెక్క నాకు రాలేదు. సరే అన్నాను, నాది మొదలుపెట్టాను. నెట్ నిదానంగా ఉంది, ఫోటో ఎక్కడానికే చాలాసేపు పట్టింది. చివరికి నాది పోయి చేరింది. ప్రింటు తీసి అక్క చేతికిచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

ఆమెది మొదలుపెట్టాక అన్నీ సాఫీగానే జరిగాయి. చివరన ఓటీపీ అడిగింది. ఓటీపీ నాన్న ఫోనుకు పోయింది. మా ఇంట్లో ఆడవాళ్ళ ఆధార్, రేషను, బ్యాంకు పుస్తకం, ఏదైనా నాన్న నంబరు మీదే ఉంటుంది. అక్కకు సొంత ఫోనుండి ఆరేళ్ళయినా, దాన్ని మార్పించాలని ఎవరికీ తట్టలేదు. నాన్న మిల్లులో ఉన్నాడు. మిషన్లు తిరుగుతుంటే అక్కడ పక్కన మనిషి అరిచినా వినబడదు. ఫోను అంగీ జేబులో, అంగీ మేకుకు. పదకొండు సార్లు చేశాను. మిల్లు ఊరి బయట కాలువ దగ్గర. బండి తీసుకుని పోయి, అంగీలోంచి ఫోను తీసి, నంబరు అక్కకు ఫోన్లో చదివాను. అది ఎప్పుడో చెల్లకుండా పోయిందట. ఇంకోటి తెప్పించమన్నాను. సైబరు అతను నొక్కి, టైమైపోయిందన్నాడు. పేజీ మూసేసుకుందట.

నేను తిరిగి వచ్చేసరికి అక్క సైబరు మెట్ల మీద నిలబడి ఉంది. నా ప్రింటు మడత పడకుండా మార్కుల కార్డు కవర్లో పెట్టింది. పోనీలే, నీది పోయి చేరింది కదా అంది. ఇంటికొచ్చేటప్పుడు బండి వెనక కూర్చుని, ఎవరిదో జాకెట్ రేపటికి ఇవ్వాలని చెప్పింది. నేను వింటూ బండి నడిపాను. ఏదో ఒకటి అనిపించాలని ఎదురు చూశాను. ఏమీ అనిపించలేదు. చెయ్యి తిమ్మిరెక్కితే గిల్లి చూస్తాము కదా, అట్లా నన్ను నేను రెండు మూడు మాటలతో గిల్లి చూసుకున్నాను. లాభం లేదు.

ఆ పరీక్షలో కడ్డాయ కన్నడ, అంటే తప్పనిసరి కన్నడ, అని ఒక పేపరుంటుంది. అది దాటకపోతే మిగతా పేపర్లలో ఎంత తెచ్చుకున్నా లెక్కలోకి రావు. నేను కన్నడ గడగడా మాట్లాడతాను. రాయమంటే మాత్రం ఒత్తులు ఒకచోట, దీర్ఘాలు ఒకచోట. అక్కే నేర్పింది. రెండు నెలలు, మిషన్ తొక్కుతూ డిక్టేషన్ చెప్పింది. నేను రాసింది తప్పయితే నల్ల బట్ట మీద మార్కింగ్ సుద్దతో సరైన అక్షరం రాసి చూపించేది. ఆమె చేతిరాత అచ్చు వేసినట్టుండేది. ఉత్తరాలు, వ్యాసాలు, సామెతల వివరణ, ఏదడిగినా పుస్తకం చూడకుండా చెప్పేది. ఆ పరీక్ష ఆమె రాసుంటే దాటేసేది. అది ఆమెకు తెలుసు, నాకు తెలుసు. నేను మధ్యలో లేచిపోయి మంచమెక్కి ఆట తీసేవాణ్ణి. ఇంకో పేజీ రాయప్పా అనేది. వస్తానక్కా అనేవాణ్ణి.

ఫలితాలు ఒక బుధవారం మధ్యాహ్నం వచ్చాయి. మిగతా పేపర్లు నాకే నమ్మబుద్ధి కానంత బాగా వచ్చాయి. కన్నడ పోయింది. లిస్టులో నా పేరు లేదు. ఫోను అట్లే పట్టుకుని వసారాలోకి పోయి చెప్పాను. అక్క మిషన్ ఆపింది. ఎందులో పోయింది అని అడిగింది. కన్నడలో అన్నాను. ఆమె చేతిలో బట్టను ఒడిలో పెట్టుకుని, దాని మీద లేని ముడతను సవరించింది. ఆమెకు వయసు హద్దు దాటి అప్పటికి రెండు నెలలయింది.

"అక్కా, ఆ పొద్దు నీది ముందర వేసింటే..."

"సుమ్నే ఉండప్పా, ఊరుకో" అంది. కోపం లేదు ఆ గొంతులో. కోపముంటే బాగుండేది, పట్టుకోవడానికి నాకొకటి దొరికేది.

అమ్మ లోపలి నుంచి ఏమైందని అడిగింది, అక్కే ఏం లేదులేమ్మా అంది. ఏం చెయ్యాలో తెలియక నేను ఆట తెరిచాను. చేతులకు అదే అలవాటు. అక్క కుర్చీ జరుపుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఆరు ప్రాణులూ వరసగా నిలబడి ఉన్నాయి. ఆమె వాటిని ఒక్కొక్కదాన్నే చూసింది. తర్వాత నా మొహం వైపు చూడకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"ఈ ఆటకు ఏజ్ లిమిట్ ఏమన్నా ఉండాదా?"

లేదక్కా అన్నాను. ఆమెకు వినబడలేదు. రెండోసారి అనాల్సి వచ్చింది.