హెలికాప్టరు లేని పోస్టరు

ఆ థియేటరు గేటు మీద పెద్ద బోర్డుకు బొమ్మలు వేసే పెయింటరుకు ఒకే ఒక్క జబ్బు ఉంది. సినిమాలో లేనిది బోర్డు మీద వెయ్యడు. సినిమాలో ఉన్నది వెయ్యకుండా ఊరుకోడు. అందుకని ఆయన్ని అందరూ ఉన్నదున్నట్టుగారు అనేవారు. మొదట్లో వెటకారంగా అన్నారు, తరవాత అలవాటుగా అన్నారు. చివరికి ఆయన అసలు పేరేమిటని ఎవరైనా అడిగితే కట్టుకున్న భార్య కూడా కాసేపు ఆలోచించుకునే పరిస్థితి వచ్చింది.

ఈ జబ్బు వల్ల థియేటరు ఓనరు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. పెయింటరు పరాయివాడైతే ఏనాడో పంపించేసేవాడు. కానీ ఆయన స్వయానా అక్కయ్య మొగుడు. ఆయన్ని తీసెయ్యాలంటే ముందు అక్కయ్య ఎదురుగా నిలబడి ఆ మాట చెప్పాలి. ఆ ధైర్యం ఓనరుకు లేదు. నిజానికి వాళ్ళ వంశంలోనే ఎవరికీ లేదు.

బయటి పనుల్లోనూ ఆయన అంతే. పక్క వీధి టైలరు కొత్త బోర్డు రాయమన్నాడు. "అర్జెంటుగా బట్టలు కుట్టబడును" అని రాయాలి. ఉన్నదున్నట్టుగారు రాసి, కాసేపు ఆలోచించి, చివర "అప్పుడప్పుడు" అని చేర్చారు.

"ఇదేమిటండీ?" అన్నాడు టైలరు.

"నా చొక్కా కుట్టమని ఇచ్చి ఎన్నాళ్ళయింది?"

టైలరు బోర్డు తీసుకెళ్ళి తగిలించుకున్నాడు. విచిత్రం ఏమిటంటే, ఆ తరవాత అతని దగ్గరికి వచ్చి కేకలు వేసేవాళ్ళు తగ్గిపోయారు.

పోస్టరు గురించి ఆయనకు గట్టి అభిప్రాయాలుండేవి. పోస్టరంటే గుమ్మంలో నిలబడి లోపలికి పిలిచే మనిషి అనేవారు. లోపల ఏం జరుగుతోందో, ఎవరు రావచ్చో చెప్పి మరీ పిలవాలి. ఎరుపు పులిమితే కొట్లాట, పసుపైతే నవ్వులు, నీలంలోంచి ఒక చెయ్యి బయటికొస్తే దెయ్యం. హీరో హీరోయిన్లు వీపూ వీపూ ఆనించి నిలబడితే ఇంటర్వెల్ దాకా దెబ్బలాడుకుంటారు. ఇంటిల్లిపాదీ ఒకే వైపు చూస్తూ నవ్వుతుంటే అత్తగారిని తీసుకుని రావచ్చు. అందరూ తలో వైపు చూస్తుంటే అత్తగారిని ఇంట్లో వదిలేసి రావాలి.

"పిలిస్తే చాలదా బావగారూ, ఇదంతా చెప్పాలా?" అనేవాడు ఓనరు.

"చెప్పకుండా పిలిస్తే దాన్ని పిలవడం అనరు, లాక్కురావడం అంటారు."

ఒకసారి పెద్ద ఫైటింగు సినిమా వచ్చింది. కంపెనీవాళ్ళు పంపిన పోస్టర్లో మండిపోతున్న హెలికాప్టరు, దాని కింద హీరో. సినిమా విడుదలకు ముందు రోజు ఉన్నదున్నట్టుగారు ఖాళీ హాల్లో ఒక్కరే కూర్చుని చూశారు, బయటికొచ్చి నిచ్చెనెక్కారు. సాయంత్రానికి బోర్డు తయారైంది. ఓనరు వచ్చి చూసుకుంటే హీరో ఉన్నాడు, విలన్లున్నారు, దుమ్ము కూడా ఉంది.

"హెలికాప్టరేది బావగారూ?"

"సినిమాలోనూ లేదు. చప్పుడు వినిపిస్తుంది. నలుగురూ తలెత్తి పైకి చూస్తారు. అంతే."

బోర్డు మీద కూడా నలుగురూ తలెత్తి పైకి చూస్తున్నారు. పైన ఆకాశం శుభ్రంగా ఉంది. ఓనరు తల పట్టుకున్నాడు. కానీ ఆ నలుగురూ ఏం చూస్తున్నారో తెలుసుకుందామని జనం ఎగబడ్డారు. ఆ వారం హాలు నిండింది కాబట్టి ఓనరు ఏమీ అనలేకపోయాడు. అనలేకపోయినందుకు మరింత కుమిలిపోయాడు.

మరోసారి అభిమాన సంఘం అధ్యక్షుడు ఒంటికాలి మీద లేచాడు. బోర్డు మీద తమ హీరో కంటే హీరోయిన్ తండ్రి ముఖం పెద్దగా ఉందట.

"ఆ మామగారు సినిమా అంతా ఉంటాడు నాయనా. మీ హీరో మధ్యలో జైలుకి పోతాడు," అన్నారు ఉన్నదున్నట్టుగారు.

"పోతే పోనివ్వండి. జైల్లో ఉన్నట్టయినా పెద్దగా వెయ్యండి."

న్యాయమే అనిపించి, ఆయన ఊచల వెనక హీరోని బోర్డంతా పరిచి వేశారు. సంఘం వాళ్ళు దండ వేసి వెళ్ళారు. హీరో జైలుకి పోతాడన్న సంగతి మాత్రం మొదటి ఆట మొదలవకముందే ఊరందరికీ తెలిసిపోయింది.

ఇలా ఉండగా ఎదురుగా కొత్త థియేటరు వెలిసింది. అక్కడ పెయింటరూ లేడు, నిచ్చెనా లేదు. మేడంత ఫ్లెక్సీలు రాత్రికి రాత్రే లేచేవి. వాటి మీద లేని వస్తువుండేది కాదు. ఒక ప్రేమకథకి ఏనుగు కూడా వేశారు. జనం అటు మళ్ళుతున్నారని ఓనరుకు అనుమానం పట్టుకుంది. అదే సమయంలో పెద్ద కామెడీ సినిమా దొరికింది. కంపెనీ పోస్టరు నిండా పసుపు. తాత నుంచి మనవడి దాకా అందరూ గాల్లోకి ఎగిరి నవ్వుతున్నారు.

ఉన్నదున్నట్టుగారు సినిమా చూసి ఆ బొమ్మే వేశారు. కాకపోతే కుడి పక్కన ఒక ముక్క బూడిదరంగు పూసి, అందులో బస్టాపులో ఒంటరిగా నిలబడ్డ ముసలావిణ్ణి వేశారు. వీపు ఇటు తిప్పి ఉంది.

"కామెడీకి ఈ ముసలావిడెందుకు?" అన్నాడు ఓనరు.

"రెండో సగంలో ఆవిడకి మతిమరుపు వచ్చి ఇంటి దారి మర్చిపోతుంది. అరగంట సేపు వెతుకుతారు."

"దొరుకుతుందిగా?"

"దొరుకుతుంది. కానీ ఆ అరగంటా ఉందిగా."

ఇక ఓనరు ఆగలేదు. ధైర్యం కూడగట్టుకుని అక్కయ్యకే ఫోను చేశాడు.

"బొమ్మ మార్చుకుంటే మార్చుకోరా. ఆయన్ని మార్చమని మాత్రం నన్నడక్కు. పెళ్ళయిన కొత్తలోనే మానేశాను ఆ ప్రయత్నం," అంది అక్కయ్య.

శుక్రవారం పొద్దున బోర్డు మీద ఫ్లెక్సీ లేచింది. పసుపు తప్ప మరో రంగు లేదు. ఉన్నదున్నట్టుగారు దాన్ని కిందినుంచి పైదాకా చూశారు. నిచ్చెన తీసి గోడకి ఆనించి వెళ్ళిపోయారు. ఆయన అంత సులువుగా వెళ్ళిపోవడం ఓనరుకు నచ్చలేదు.

మొదటి ఆటకి జనం వస్తుండగా ఓనరు మేడమీద కిటికీలోంచి చూశాడు. గేటు దగ్గర బావగారు నిలబడి ఉన్నారు. వచ్చినవాళ్ళలో కొందరిని పక్కకి పిలిచి చెవిలో ఏదో చెబుతున్నారు. కొందరు లోపలికొస్తున్నారు, కొందరు వెనక్కి పోతున్నారు. ఓనరుకు కడుపు మండింది. ఫ్లెక్సీ కట్టినందుకు ఇలా కసి తీర్చుకుంటున్నాడన్నమాట. ఈసారి అక్కయ్యా లేదు, ఎవరూ లేరు అనుకుంటూ మెట్లు దిగి, స్తంభం చాటున ఆగాడు.

బ్యాంకులో పనిచేసే ఒకావిడ నిలబడి ఉంది. "మీరు తప్పకుండా చూడండమ్మా," అంటున్నారు బావగారు. "ఇంట్లో ఏడిస్తే ఎందుకని అందరూ అడుగుతున్నారన్నారుగా. రెండో సగంలో హాలంతా ఏడుస్తుంది. మిమ్మల్ని ఎవరూ అడగరు."

ఆవిడ గబగబా టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళింది.

తరవాత మందుల షాపాయన వచ్చాడు, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని. ప్రతి శుక్రవారం ఆయన ఆవిణ్ణి తీసుకొస్తాడు. ఈమధ్య ఆవిడ దారి మర్చిపోయి రెండు మూడుసార్లు ఎక్కడెక్కడో దొరికిందని వీధిలో అందరికీ తెలుసు. ఓనరుకూ తెలుసు. తెలిసిన సంగతి ఇన్నాళ్ళూ అతని బుర్రలో ఒక మూల పడి ఉంది, అంతే.

"ఇది వద్దు బాబూ," అన్నారు బావగారు, మెల్లిగా. "అమ్మగారికి ఫరవాలేదేమో గానీ, నువ్వు కూర్చోలేవు. ఎదురు థియేటర్లో కోతి సినిమా ఉంది. నిన్న చూశాను. శుభ్రంగా నవ్వుకోవచ్చు. ప్రేమకథ ఫ్లెక్సీ మీద వేసిన ఆ ఏనుగు ఇందులో ఉండుంటే ఇంకా బాగుండేది."

బోర్డు మీద వీపు తిప్పి నిలబడ్డ ముసలావిడ ఎవరి కోసమో ఓనరుకు అప్పుడర్థమైంది. కోపమంతా ఎటు పోయిందో వెతికినా దొరకలేదు. సిగ్గు మాత్రం పుష్కలంగా దొరికింది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఏదో ఒకటి అనాలని స్తంభం చాటునుంచి బయటికొచ్చాడు.

"బావగారూ, మీరు ఎదురు థియేటరుకి వెళ్ళారా?"

"వెళ్ళాను. టికెట్టు కొనుక్కునే వెళ్ళాను."

మందుల షాపాయన మొహమాటపడుతూ నిలబడ్డాడు. ఇంతలో షాపునుంచి ఫోను వచ్చింది, ఎవరికో మందు వెంటనే కావాలట. ఆయన అమ్మ వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు.

"మీరు వెళ్ళిరండి. అమ్మగారితో నేను కూర్చుంటాను," అన్నాడు ఓనరు. అన్న తరవాత, ఎక్కడ కూర్చోవాలో గుర్తొచ్చింది.

అప్పటికి మించిపోయింది. పెద్దావిడ నిశ్చింతగా అతని చెయ్యి పట్టుకుంది. నడివీధిలో, తన గేటు ముందున్న జనమంతా చూస్తుండగా, ఓనరు తన ప్రేక్షకురాలిని తానే రోడ్డు దాటించి పోటీదారు గుమ్మం ఎక్కాడు. అక్కడి ఓనరు కళ్ళు నులుముకున్నాడు.

"ఏమిటి సార్, మీ దగ్గర సినిమా బాగాలేదా?"

"బాగానే ఉంది. ఈవిడకి సరిపడే సినిమా కాదు. రెండు టికెట్లివ్వండి."

లోపల దీపాలు ఆరాయి. "హీరో ఎవరు బాబూ?" అందావిడ.

"కోతండీ."

"ఎవరూ?"

"కోతి."

ఇంటర్వెల్ వచ్చేలోపు ఆ ప్రశ్న చాలాసార్లు అడిగింది. ప్రతిసారీ అదే జవాబు విని కొత్తగా నవ్వింది. ఓనరు కూడా మొదట మొహమాటానికి నవ్వి, తరవాత తెలియకుండానే పగలబడి నవ్వడం మొదలుపెట్టాడు. సొంత థియేటర్లో అతనెప్పుడూ జనం మధ్యలో కూర్చుని సినిమా చూసింది లేదు.

దీపాలు వెలిగాక ఆవిడ చుట్టూ చూసింది. "బాబూ, ఈ థియేటరు నీదేనా?"

"కాదండీ. నాది ఎదురుగా."

"అక్కడేం ఆడుతోంది?"

ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకి ఓనరు దగ్గర ఒకే జవాబుండేది: బ్రహ్మాండమైన సినిమా, తప్పక చూడండి.

"మీరు వచ్చే వారం రండమ్మా," అన్నాడు. "మా బావగారు ముందు చూసి చెప్తారు."