రాతిపువ్వుకి చట్టం లేదా?

ముందే చెప్పేస్తున్నాను: నా చేతిలో పడితే చీమకి కూడా తొండం మొలుస్తుంది. ఆ రోజుల్లో బరంపురం బడా బజార్ వెనక సందులో, మేనత్త ఇంట్లో ఉండి బియ్యెస్సీ వెలగబెట్టేవాణ్ణి. అప్పటికే ఒకసారి తప్పాను. మావయ్య తేల్చి చెప్పేశాడు: "ఈపాలి తప్పితే హుమ్మ ఎల్లిపో. అక్కడి ఉప్పుమడుల్లో పార పట్టడానికి పరీచ్చలక్కర్నేదు."

ప్రాక్టికల్‌లో ఒక లైకెన్‌నీ, ఒక సీతాకోకచిలుకనీ పోల్చాలి: ఏ వర్గానివి, లోకంలో ఎంత భద్రంగా ఉన్నాయి అని. నమూనాలు మనమే తేవాలి. నల్లరెక్కలు, ఎర్రటి ఒళ్ళు ఉన్న ఆ సీతాకోకచిలుకని పట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు గనక బొమ్మ గీశాను (మావయ్య దాన్ని గబ్బిలం అన్నాడు). లైకెన్ సుళువు. మసాలాలో వేసే రాతిపువ్వు లైకెనే కదా! పొట్లం కట్టించి తెచ్చి వంటింటి గూట్లో పెట్టాను. అదీ నా తెలివి. తెల్లారి చూస్తే మాంసం కూరలో ఉడుకుతోంది.

"అత్తా! నా పరీక్ష!"

"కూరలో ఎయ్యక, రాతిపువ్వుకి పూజ సేస్తారేట్రా? ఇదే అట్టుకెల్లి సూపించు," అని కేరియర్ చేతిలో పెట్టింది.

పరీక్ష గదిలో మూత తీయగానే ఆ ఘుమఘుమకి ఎక్కడో పొలసర ఊళ్ళో నిద్రపోతున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. పరీక్ష పెట్టడానికి వచ్చిన ఒడియా సారు పట్టకారుతో ఓ నల్లరేకు పైకి తీసి, "దుయిటా జీవొ, గోటియే నాఁ. కెమితి?" (రెండు జీవాలు, ఒకటే పేరు. ఎలాగ?) అన్నారు. నా బుర్రలో ఉప్పుమడులు తప్ప ఏమీ లేవు. నోటికొచ్చిన ఒడియాలో అనేశాను: "మా ఇంట్లోలాగే సార్. ఇల్లు కట్టేది బూజు, అంటే మావయ్య. ఎండలో వండిపెట్టేది నాచు, మా అత్త. వర్గీకరణలో పేరు మాత్రం మావయ్యదే. సీతాకోకచిలుకకి చట్టం కాపలా ఉంది. దీన్ని ఎంత మిగిలిందో చూడకుండానే తూకానికి అమ్మేస్తున్నారు."

ఆయన నవ్విన నవ్వుకి సీసాలో కప్ప కళ్ళు తెరిచింది. పాసయ్యాను.

సాయంత్రం భోజనాల దగ్గర ఇదంతా గొప్పగా చెప్పాను. అత్త నవ్వలేదు.

"అయితే రెక్కలున్నదానికి సట్టముంది గానీ, వండిపెట్టేదానికి నేదేటి?"

మావయ్య లేచి ఇంటిల్లిపాది గిన్నెలూ తోమేశాడు.

ఇదొక్కటీ నేను కల్పించింది. నిజానికి ఆయన తన కంచం తానే తీసుకెళ్ళి నూతి దగ్గర పెట్టి వచ్చాడు, అంతే. ఆ ఇంట్లో అదే మొదటిసారి. అత్త నమ్మలేనట్టు నూతివైపే చూస్తూ ఉండిపోయింది. పాసైన గర్వంలో ఉన్న నేను, నా ఎంగిలి కంచం ఆమె చేతికే అందించాను. ఇప్పుడు నాది నేనే తోముకుంటున్నాను. మా ఆవిడ ఇంకా మార్కులు వెయ్యలేదు గానీ, ఆశ ఉంది.