తాళం వేసిన వాకిట్లో ఎండ వంట

రండి, ఇట్లా గోడ నీడకు జరిగి దగ్గరగా కూర్చోండి. కాళ్లు చాపుకున్నా ఏమీ అనుకోను. నేను చదివింది నాలుగో తరగతి వరకే. అదీ బడికి పోయిన రోజులకంటే పోని రోజులే ఎక్కువ. కానీ ఒకసారి చూసింది, విన్నది మర్చిపోను. మా వాకిట్లో పిల్లలు పొయ్యి లేకుండా ఎండతో వంట చేసిన సంగతి చెబుతాను, వినండి.

మా ఇల్లు జహీరాబాద్‌లో, బొంబాయి రోడ్డుకు కాస్త లోపలగా ఒక సందులో ఉంది. వాకిలి చిన్నదే అయినా ఎండ బాగా పడుతుంది. వాకిలికి ఇనుప గేటు, గేటుకు లోపలి నుంచి తాళం. తాళంచెవి నా మెడలో, పుస్తెలతాడు పక్కన నల్లదారానికి వేలాడుతుంది. దొంగల భయంతో వేసిన తాళం కాదది, మా అత్తమ్మ కోసం వేసింది.

అత్తమ్మకు మతిమరుపు వచ్చింది. మొదట్లో పొయ్యి మీద పాలు మర్చిపోయేది. తర్వాత వారాలు మర్చిపోయింది, ఆ తర్వాత మనుషులను మర్చిపోయింది. చెరుకు ట్రాక్టర్లు బారులు తీరే కాలంలో ఒక పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి గేటు తీసి ఉంది. పుట్టింటికి పోతానని పెద్ద రోడ్డు మీద లారీల మధ్యన నిలబడిందట. టీ బండి అతను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"అక్కా, జర పైలం. లారీ ఆయన బిరేకు కొట్టకుంటే ఏమైతుండె?" అన్నాడు.

ఆ సాయంత్రమే మా ఇంటాయన తాళం తెచ్చాడు. ఆయన పొద్దున ట్రాక్టరు సామాన్ల దుకాణంలో పనికి పోతే దీపాలు పెట్టే వేళకు గాని రాడు. అత్తమ్మను ఒక్కదాన్నే లోపల పెట్టి తాళం వేసుకుని పోవడానికి నాకు మనసు రాదు. వెంట తీసుకుపోదామంటే సందు మధ్యలో కూలబడి లేవదు, లేదంటే చెయ్యి విదిలించుకుని ఉరుకుతుంది. అట్లా ఆమెతో పాటు నేనూ లోపలే ఉండిపోయాను. కూరగాయల బండి వస్తే ఊచల సందులోంచి చెయ్యి పెట్టి వంకాయలు ఏరుకునేదాన్ని. చుట్టాల పెళ్లిళ్లకు చీరలు పంపించాను గాని నేను పోలేదు.

"ఇంట్లనే ఉంటవ్ గద, నీకేం రంది?" అనేవాడు మా ఇంటాయన, నాకేం దిగులన్నట్టు. బయటినుంచి వచ్చేవాళ్లకు ఇల్లు చల్లగానే ఉంటుంది మరి.

మా బిడ్డ దవాఖానాలో నర్సు. దాని కూతురు ఐదో తరగతి చదువుతోంది. ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నానికే నా దగ్గరికి వచ్చేది. దాని వెంట పక్కింటి పిల్ల కూడా వచ్చేది. ఇద్దరిదీ ఒకే తరగతి. పక్కింట్లో ఉర్దూ మాట్లాడతారు, ఆ పిల్ల నన్ను వాళ్ల భాషలో అమ్మమ్మ అన్నట్టు నానీ అంటుంది. ఎండ ఏమేం పనులు చేస్తుందో మీ చేతులతో చేసి చూసి రండని బడిలో సారు చెప్పాడట. ఎండ పడే చోటు, కుక్కలు రాని చోటు కావాలంటే మా వాకిలే దొరికింది వాళ్లకు.

మొదట రెండు డబ్బాలు తెచ్చారు. ఒకదానికి మసి పూశారు, ఒకదానికి సున్నం పూశారు. రెండింటిలో నీళ్లు పోసి ఎండలో పెట్టి, ఏవి ముందు వేడెక్కుతాయో చూద్దామని కాపలా కూర్చున్నారు. మంచినీళ్లు తాగడానికి లోపలికి పోయి వచ్చేసరికి అత్తమ్మ ఆ నల్ల డబ్బా నీళ్లతో కాళ్లు కడుక్కుంటోంది.

"పెద్దవ్వా! గవి ప్రయోగం నీళ్లు!" అని మొత్తుకుంది నా మనవరాలు.

"ఎవ్వలు కాగవెట్టిన్రో గని మంచిగున్నయ్ బిడ్డా. ఇంగొన్ని తేపో."

"తెల్ల డబ్బాల కూడా నీళ్లున్నయ్ గద, గవెందుకు పోసుకోలే?"

"గవి సల్లగున్నయ్, ఎవ్వలు పోసుకుంటరే!"

పక్కింటి పిల్ల పడీ పడీ నవ్వింది. "నానీ, పెద్దవ్వనే చెప్పేసింది. ప్రయోగం పాస్!"

ఇంకో రోజు సారు ఇచ్చిన అరచేయంత సోలార్ పలక తెచ్చారు. దానికి తీగలతో చిన్న పంకా కట్టి ఉంది. ఎండలో పెడితే గిర్రున తిరుగుతుంది, నీడ పడితే ఆగిపోతుంది. బ్యాటరీ లేదు, ప్లగ్గు లేదు. పిల్లలు అత్తమ్మ చేతిని పలక మీద ఆనించి చూపించారు. చెయ్యి పెడితే ఆగింది, తీస్తే తిరిగింది. ఇక ఆమె అక్కడినుంచి కదిలితే ఒట్టు. పెట్టడం, తీయడం, నవ్వడం. ఆ పూట నేను మధ్యలో లేవకుండా, కూర్చున్న చోటే కూర్చుని అన్నం తిన్నాను. చారు చల్లారక ముందే తిన్నాను.

ఆ తర్వాత పెట్టె తయారుచేశారు. పెద్ద అట్టపెట్టెలో చిన్న అట్టపెట్టె పెట్టి, సందులో పాత పేపర్లు కుక్కారు. లోపలి గోడలకు రొట్టెలు చుట్టే వెండి కాగితం, అడుగున నల్ల కాగితం అంటించారు. పైన మూతగా పాత ఫొటో ఫ్రేము అద్దం. చిన్న స్టీలు గిన్నెకు బయటంతా దీపం మసి పట్టించారు.

"అమ్మమ్మా, లోపల చెయ్యి పెట్టి చూడు."

పెట్టాను. సుర్రుమంది.

"గింత వేడి యాడికెల్లి వచ్చిందే? బయట గింత లేదు గద."

"అద్దంలకెల్లి వెలుగు లోపలికి వస్తది. నలుపు మీద పడి వేడైతది. గా వేడిని అద్దం మళ్ల బయటికి పోనియ్యది. గందుకే లోపల్లోపల్నే ఉడుకుతది."

"అంటే వచ్చుడే గని పోవుడు లేదన్నట్టు."

"ఆఁ, గంతే! నానీకి సమజైంది!" అని చప్పట్లు కొట్టింది పక్కింటి పిల్ల.

నేను చెయ్యి తీసి అద్దం మూసేశాను.

గిన్నెలో గుప్పెడు బియ్యం, కాస్త పెసరపప్పు, నీళ్లు, ఉప్పు వేసి పెట్టెలో పెట్టారు. అయితే అత్తమ్మ సంగతి ఎవరూ ఆలోచించలేదు. ఆమె ఇల్లు నడిపినన్నాళ్లు మా వంటింట్లో మసి గిన్నె తోమకుండా పొద్దు గుంకేది కాదు. పేర్లు పోయాయి, ముఖాలు పోయాయి, ఆ అలవాటు మాత్రం చేతుల్లో ఉండిపోయింది. పిల్లలు అటు తిరగ్గానే గిన్నె తీసింది, బియ్యం జామచెట్టు మొదట్లో పోసింది, మట్టి, పీచు పట్టి తళతళా తోమి బోర్లించింది.

"గీ మసి గిన్నెల వండుతరా? మీ అవ్వ ఏం నేర్పిందే మీకు?" అని వాళ్లనే తిట్టింది.

మర్నాడు మళ్లీ మసి పట్టించారు. మళ్లీ తోమింది. తోమిన గిన్నెతోనే పెట్టి చూస్తే బియ్యం నానాయి గాని ఉడకలేదు. దాచిపెడితే ఇల్లంతా వెతికి ఏడ్చింది. చివరికి పక్కింటి పిల్లకే ఉపాయం తోచింది. పాత టిఫిను డబ్బాకు మసి పూసి అత్తమ్మ ముందు పెట్టింది. ఆమె తోముతుంది, వీళ్లు మళ్లీ పూస్తారు, ఆమె మళ్లీ తోముతుంది. అవతల పెట్టెలో కిచిడీ ఉడికింది. అద్దం మీద ఆవిరి చూసి ఇద్దరూ గెంతులు వేశారు. అందరికంటే ఎక్కువ తిన్నది అత్తమ్మే.

బడి మైదానంలో అందరి ముందూ వండి చూపించే రోజు పెట్టారు. "అమ్మమ్మా, నువ్వు రావాలె. అందరి ఇండ్లకెల్లి వస్తున్రు" అంది మనవరాలు. బడి ఎంతో దూరం లేదు. కానీ గేటు దాటి ఎన్ని నెలలైందో. ఆ రాత్రి మా ఇంటాయనను అడిగాను.

"ఒక్క పూట మీ అవ్వను సూస్కుంటవా?"

"గా మాత్రం సూస్కోనా? పోయి రా" అన్నాడు.

ఆ రోజు బట్టల పెట్టె అడుగున మడత పెట్టిన చీర తీసి కట్టుకున్నాను. మెడలోంచి తాళంచెవి తీసి ఆయనకిచ్చాను. పిల్లలిద్దరూ పెట్టెను చెరో పక్క పట్టుకుని సందులో నిలబడ్డారు. నేనూ బయటికి అడుగు పెట్టాను. వెనక ఆయన తాళం వేశాడు. అప్పుడు అత్తమ్మ వాకిట్లోకి వచ్చి కొడుకును చూసింది.

"ఎవడు వీడు? ఇంట్ల జొచ్చిండు! ఎల్లగొట్టుండ్రి!"

"అవ్వా, నేనే. నీ కొడుకును."

"నా కొడుకు గింతుంటడు" అని మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. గేటు దగ్గరికి ఉరికి వచ్చి ఊచలు పట్టుకుంది. "అవ్వా! నన్ను ఇడిసిపెట్టి పోకు! అవ్వా!" అని నన్నే పిలిచింది. కొంతకాలంగా నన్నట్లాగే పిలుస్తోంది, కన్నతల్లిని పిలిచినట్టు. ఊచలకు నుదురు కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"నువ్వు పో, నేను సూస్కుంట" అన్నాడు ఆయన. ఆమె భుజం మీద చెయ్యి వేయడానికి కూడా భయపడుతున్నాడు.

"అమ్మమ్మా, బెల్లు కొడతరు" అంది మనవరాలు.

"మీరు పొండ్రి. ఎండ పోకముందే పెట్టె పెట్టుకోవాలె."

"నువ్వు రావా?"

"పొండ్రి బిడ్డా."

ఆయన తాళం తీశాడు. లోపలికి పోయాను. మళ్లీ తాళం వేసి చెవి నా చేతిలో పెడితే నేనే మెడలో వేసుకున్నాను. అత్తమ్మ నా కొంగు పట్టుకుని అక్కడే కూర్చుంది. ఆ మంచి చీరతోనే గోడకు ఆనుకుని, ఇప్పుడు నీళ్లు వేడెక్కుతుంటాయి, ఇప్పుడు పప్పు మెత్తబడుతుంటుంది అని ఎండను చూస్తూ ఉండిపోయాను. ఒక మబ్బు వచ్చి కాసేపు కదలలేదు. నా ప్రాణం కొట్టుకుంది.

మధ్యాహ్నం పిల్లలు ఖాళీ గిన్నెతో వచ్చారు. మబ్బు వల్ల ఆలస్యమైంది గాని ఉడికిందట. సారు తిన్నాడట, హెడ్‌మేడం వేళ్లు నాకిందట. "నీకు తెద్దామనుకున్నం అమ్మమ్మా, గని అందరు తినేసిన్రు" అంది మనవరాలు ముఖం చిన్నబుచ్చుకుని. సారు ఎట్లా అడిగాడో, తానెట్లా చెప్పిందో లేచి నిలబడి చేసి చూపించింది. నాకోసం మొత్తం మళ్లీ చేశారు, గంట కొట్టడంతో సహా.

మా ఇంటాయన మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రావడం మొదలుపెట్టాడు. తల్లికి ఎదురుగా దూరంగా పీట వేసుకుని కూర్చుంటాడు, ముఖం అలవాటు కావాలని. నీకేం రంది అన్న మాట ఇప్పుడు ఆయన నోట రాదు. మొన్న ఆయన చేతినుంచి అత్తమ్మ గ్లాసుడు నీళ్లు తీసుకుని తాగింది. ఆ తాగేంతసేపు నేను మెల్లగా తాళం తీసి సందు చివరిదాకా పోయాను. లారీలు కనిపించాయి. వెనకనుంచి "అవ్వా" అని వినిపించింది. తిరిగి వచ్చేశాను. ప్రస్తుతానికి నాకు అంతే దూరం.

అదిగో, అత్తమ్మ నిద్రలో కదులుతోంది, లేస్తుంది. ఇక లేవండి. మీ ఇళ్లలో పెద్దవాళ్లు మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తూ ఉండాలి. మీ వాకిళ్లు పిల్లల అల్లరితో నిండాలి. మీ ఇంటి ఆడవాళ్లు వెళ్లాలనుకున్న చోటికి వెళ్లి, తిరిగి రావాలనిపించినప్పుడే రావాలి. చల్లగా ఉండండి.