యాదగిరి ఐడీ వెలిగిన ఆదివారం

ముందే చెప్పేస్తున్నాను. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఇది చదివాక మీకు కలిగితే అది మీ ఇష్టం. నేను మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పి ఊరుకుంటాను.

తెలంగాణ రాష్ట్రం రావడానికి ఐదారేళ్ళ ముందు సంగతి. నేను నాచారంలో మందులు ప్యాకింగ్ చేసే చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. మాది జనగామ వైపు. శ్రీలక్ష్మి అనే అమ్మాయితో కలిసి ఒక గదిలో అద్దెకు ఉండేదాన్ని. తనది తెనాలి దగ్గర ఊరు, ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఇద్దరం ఉప్పల్‌లో కంప్యూటర్ కోర్సుకు వెళ్తున్నప్పుడు అక్కడే యాదగిరి పరిచయమయ్యాడు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో పండ్లు నిలవ ఉంచే ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. నాకంటే రెండేళ్ళు చిన్న, అందుకే అక్కా అని పిలిచేవాడు. నాలుగో మనిషి మల్లేశన్న. ఉప్పల్ చౌరస్తాకు దగ్గర్లో నెట్ సెంటర్ నడిపేవాడు.

మా నలుగురికీ ఒకటే పిచ్చి. నెట్‌లో ఆడే గది ఆటలు. తెర మీద ఒక గది కనిపిస్తుంది, తలుపుకు తాళం వేసి ఉంటుంది. సోఫా కింద, పటం వెనక, దిండు లోపల, ఎక్కడ నొక్కితే ఏం దొరుకుతుందో తెలియదు. ఒక స్క్రూడ్రైవరో, సగం చిరిగిన కాగితమో, నాలుగంకెల నంబరో దొరుకుతుంది. అన్నీ కలుపుకుని బయటపడాలి. ప్రతి ఆదివారం పొద్దున మల్లేశన్న సెంటర్‌లో చేరేవాళ్ళం. అంకెల సంగతి శ్రీలక్ష్మిది, మూలలు వెతకడం నాది. మల్లేశన్నకు ఓపిక తక్కువ, కనిపించినదల్లా నొక్కేసేవాడు.

యాదగిరికి ఆదివారం డ్యూటీ పడితే గోదాం ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, మాతో పాటే అదే ఆట తెరిచి, చాట్‌లో మాట్లాడేవాడు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవాళ్ళం. మేం అరగంట వెతికినా దొరకనిది అతనికి చిటికెలో కనిపించేది.

ఆ ఆదివారం ఎండాకాలం. సెంటర్‌లో ఫ్యాను తిరుగుతున్నా చెమటలు కారుతున్నాయి. మేం ముగ్గురం కాక, ఏదో దరఖాస్తు నింపుకుంటున్న ఒక విద్యార్థి ఉన్నాడు, అంతే. పదకొండు దాటాక యాదగిరి ఐడీ పక్కన పచ్చ చుక్క వెలిగింది. ఆట పేరు చెప్పి తెరవమని రాశాను.

కాసేపటికి జవాబు వచ్చింది. "తలుపుకు లోపల హ్యాండిల్ లేదు."

మా తెర మీద తలుపుకు గుండ్రటి పిడి స్పష్టంగా కనిపిస్తోంది. వీడు వేరే ఆట తెరిచాడని మల్లేశన్న నవ్వాడు. మళ్ళీ ఇంకో లైను. "డబ్బాలు జరిపి చూసిన. దారి లేదు." మా ఆటలో డబ్బాలే లేవు. ఏ ఆట తెరిచావని శ్రీలక్ష్మి అడిగింది. "చలి పెడుతుంది" అని వచ్చింది. తర్వాత "ఎడమ దిక్కు మూడోది" అని.

ఏది మూడోది అని అడిగాను. "సరితా, నువ్వు రా" అని వచ్చింది.

యాదగిరి నన్ను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. నాకు నచ్చనిది అదే. భయం కాదు, చిరాకులాంటిది. వెంటనే అతని మొబైల్‌కు ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మూడుసార్లు చేశాను. ఆట పట్టిస్తున్నాడంటే వెళ్ళి నాలుగు తిట్టి వద్దామనుకున్నాను. అట్లా అని పైకి కూడా అన్నాను. ఏమన్నా రాస్తే చూస్తుండమని వాళ్ళిద్దరికీ చెప్పి ఆటో ఎక్కాను. ఉప్పల్ క్రికెట్ స్టేడియంలో మ్యాచ్ లేని రోజు కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంది.

గోదాం గేటు దగ్గర పగటి వాచ్‌మన్ ఉన్నాడు. పెద్దాయన. యాదగిరి ఎక్కడని అడిగితే ఈ రోజు ఎవరూ రాలేదన్నాడు. తను ఎనిమిదింటికి డ్యూటీకి వచ్చేసరికే లోపలికి పోయే ఇనుప తలుపుకు తాళం ఉందనీ, తాళంచెవి రాత్రి వాచ్‌మన్ మేనేజర్ ఇంట్లో ఇచ్చి వెళ్తాడనీ చెప్పాడు. నేను మళ్ళీ ఫోన్ చేశాను. బిల్డింగ్ వెనక నుంచి సన్నగా రింగు వినిపించింది.

ఇద్దరం వెనక్కి వెళ్ళాం. గోడ నీడలో యాదగిరి బండి ఉంది. హ్యాండిల్‌కు తగిలించిన టిఫిన్ సంచిలో ఫోన్ మోగుతోంది.

వాచ్‌మన్ మేనేజర్‌కు ఫోన్ కలిపి ఇచ్చాడు. మీ సూపర్‌వైజర్ లోపల ఇరుక్కున్నాడని చెప్పాను. తలుపులు తీస్తే చలి పోతుందనీ, సరుకు పాడవుతుందనీ, ఆదివారం తీసేది లేదనీ ఆయన అన్నాడు. లోపల ఉన్నట్టు నీకెవరు చెప్పారని అడిగాడు. కంప్యూటర్‌లో రాశాడన్నాను. ఆయన నవ్వాడు. ఆఫీసు తాళం తీయకుండా కంప్యూటర్‌లో ఎట్లా రాస్తాడన్నాడు. తాళం ముట్టుకుంటే పోలీసులకు చెప్తానన్నాడు.

"చెప్పున్రి సార్," అన్నాను. "నేను తాళం పగలగొడ్తున్న. మీకు చెప్పే పగలగొడ్తున్న."

గేటు ఊగకుండా ఆనించే రాయి ఒకటి అక్కడ పడి ఉంది. రెండు చేతులతో ఎత్తాను. వాచ్‌మన్ అడ్డం వచ్చాడు, తన నౌకరి పోతుందని బతిమాలాడు. పోతే నా పేరు చెప్పమన్నాను. రెండు దెబ్బలకు తాళం వంగింది, ఊడలేదు. అప్పుడా పెద్దాయన పోయి ఇనుప రాడ్ తెచ్చి, వంగిన సందులో దూర్చి తిప్పాడు. తాళం ఊడింది.

లోపల పొడవాటి నడవ. రెండు వైపులా మందపాటి తలుపులు. నేను ఎడమ వైపు మూడోదాని దగ్గరికి వెళ్ళి గడియ తీశాను. మిగతావి చూడలేదు. నన్ను తర్వాత అందరూ అడిగింది కూడా అదే, నేరుగా ఆ తలుపే ఎందుకు తీశావని.

యాదగిరి ఆపిల్ డబ్బాల మధ్య ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. డబ్బాల అట్టలు చించి ఒంటికి చుట్టుకున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను గుర్తుపట్టలేదు. ఇద్దరం లాక్కొచ్చి ఎండలో పడుకోబెట్టి అరచేతులు రుద్దాం. వాచ్‌మన్ తన చొక్కా విప్పి కప్పాడు. గేటు బయట నేను ఆగమన్న ఆటోలోనే దవాఖానాకు తీసుకుపోయాం. సోమవారం దాకా ఎవరూ చూడకపోయి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పనక్కర్లేకపోయింది.

ఎట్లా ఇరుక్కున్నాడో సాయంత్రానికి తెలిసింది. పొద్దున తొందరగా వచ్చి, నడవ తలుపుకు తాళం లేకపోవడంతో, ఆఫీసు తెరవకముందే చలి ఎంత ఉందో చూసి రాసుకుందామని లోపలికి వెళ్ళాడు. వెనక తలుపు మూసుకుని గడియ దానంతటదే పడింది. లోపలి హ్యాండిల్ చేతికి ఊడి వచ్చింది. ఇంటికి పోతున్న రాత్రి వాచ్‌మన్ నడవ తలుపు తెరిచి ఉండటం చూసి, మరిచిపోయారనుకుని తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. ఇందులో వింత ఏమీ లేదు. నిర్లక్ష్యం, అంతే.

వింత ఆఫీసులో ఉంది. ఆ గది తాళంచెవి యాదగిరి ప్యాంటు జేబులో దొరికింది, నర్సు నా చేతికిచ్చింది. దవాఖానాకు వచ్చి అరుస్తున్న మేనేజర్ని నేనే వెంటబెట్టుకుపోయి, నేను పిలిపించిన మల్లేశన్న ఎదుట ఆఫీసు తెరిపించాను. మానిటర్ మీద గుడ్డ కవరు కప్పింది కప్పినట్టే ఉంది. కంప్యూటర్ ప్లగ్ గోడ నుంచి తీసేసి ఉంది. మేనేజర్ కూడా చూశాడు. చూసి, ఇదంతా నువ్వూ యాదగిరీ కలిసి ఆడిన నాటకం అన్నాడు. పొరపాటున తాళం పగలగొట్టానని ఒక కాగితం రాసి సంతకం పెట్టమన్నాడు. పొరపాటున కాదు, తెలిసే పగలగొట్టానని చెప్పాను. సంతకం పెట్టలేదు. ఆయన పోలీసుల దగ్గరికి పోలేదు.

ఆ రాత్రి గదికి వచ్చాక శ్రీలక్ష్మి ఒక ప్రింటు తీసిన కాగితం నా ముందు పెట్టింది. చాట్ అంతా అందులో ఉంది. నేను ఆటో ఎక్కాక చాలాసేపు ఏమీ రాలేదట. పన్నెండుకు ఏడు నిమిషాల ముందు ఒక లైను వచ్చి, పచ్చ చుక్క ఆరిపోయిందట. "సరిత రాయి తీసుకున్నది." ఇదీ ఆ లైను. ఆట గురించేమోననుకుని, ఆ గదిలో రాయి ఎక్కడుందా అని తను తెరంతా వెతికిందట.

నా ఫోన్ తీసి చూశాను. యాదగిరిని ఎండలో పడుకోబెట్టగానే సెంటర్‌కు ఫోన్ చేసి దొరికాడని చెప్పాను. ఆ కాల్ పన్నెండుకు రెండు నిమిషాల ముందుది. అంటే రాయి ఎత్తింది అంతకు కాస్త ముందు. అప్పటికి రాయి సంగతి నాకూ వాచ్‌మన్‌కూ తప్ప ఎవరికీ తెలియదు.

నేను ఊరికే వదల్లేదు. ముందు మల్లేశన్నను అనుమానించాను. యాదగిరి పాస్‌వర్డ్ మా ముగ్గురికీ తెలుసు, సెంటర్ ఆయనది. ముఖం మీదే అడిగేశాను. ఆయన నొచ్చుకున్నాడు కానీ కోప్పడలేదు. "నేను నీ పక్కనే కూసున్న కదా సరితా," అన్నాడు. నిజమే. కూర్చున్నాడు, రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని. బయట ఇంకెవరికైనా పాస్‌వర్డ్ తెలిసి ఉంటుందా అని ఆలోచించాను. తెలిసినా రాయి కనిపించదు. వాచ్‌మన్‌కు చదువు రాదు.

ఇక మిగిలింది యాదగిరి. కోలుకున్నాక అడిగాను, లోపల ఉన్నప్పుడు మాకు మెసేజ్ పెట్టాలని అనుకున్నావా అని. అనుకుని ఉంటే, మనసుల మధ్య ఏదో జరిగిందని అనేవాళ్ళకు ఒక ఊతం దొరికేది.

"లేదక్కా. మా అమ్మనే యాదికొచ్చింది. మీరెవ్వరు యాదికి రాలే."

వాళ్ళమ్మ భువనగిరి నుంచి వచ్చింది. చనిపోయిన భర్తే కొడుకును కాపాడుకున్నాడని ఆమె నమ్మకం. నా చేతికి తాయెత్తు కడతానంది. ఆమె బాధ నాకు తెలుసు, ఆమె చేతులు పట్టుకునే వద్దన్నాను. తాళం రాయితో, రాడ్‌తో పగిలిందని చెప్పాను. ఆ వాచ్‌మన్‌కు దండం పెట్టమన్నాను. వెళ్ళి పెట్టింది.

ఇంటి ఓనరమ్మ ఆ ఆటలు మానెయ్యమంది. ఫ్యాక్టరీలో కొందరు నా పక్కన కూర్చుని అన్నం తినడం మానేశారు. మరుసటి ఆదివారం పొద్దున్నే వెళ్ళి, అదే ఆట తెరిచి, ఒక్కదాన్నే కూర్చుని చివరిదాకా ఆడి బయటపడ్డాను. ఏ చుక్కా వెలగలేదు. రెండు నెలలకు యాదగిరి కూడా వచ్చి మా పక్కన కూర్చున్నాడు. ఆ కోల్డ్ స్టోరేజీలో మానేసి వేరే చోట చేరాడు.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. చూసినవాళ్ళు దేవుడన్నారు, దయ్యమన్నారు, నన్ను అబద్ధాలకోరన్నారు. ఎవరి మాటా నేను ఒప్పుకోలేదు. ఆ లైను ఎవరు రాశారో నాకు తెలియదు. ఇన్నేళ్ళు ఆలోచించినా తెలియలేదు. తెలియదని ఎన్నిసార్లయినా చెప్తాను. ఎవరి ధైర్యం కోసమో, ఎవరి భక్తి కోసమో తెలుసని మాత్రం చెప్పను.